తొమ్మిది ఓల్టుల పిల్లకాలువ



ఏప్రిల్ 15 వచ్చిందంటే తూర్పు తీరంలో మర బోట్ల వేటకు సెలవు. జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, బందరు పక్కనున్న గిలకలదిండి హార్బరులో బోట్లు ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉంటాయి. చిరిగిన వలలు ఒడ్డుకొస్తాయి. ఇంజన్లు విప్పుతారు. రంగు గీకి కొత్త రంగు వేస్తారు. ఆ పనుల్లో కరెంటు పనికీ ఒక వాటా ఉంటుంది. దీపానికి ఒక తీగ, వైర్‌లెస్ సెట్టుకు ఒక తీగ, జీపీఎస్‌కు ఒక తీగ. ఉన్న బ్యాటరీ నుంచే అన్నిటికీ పాయలు తీయాలి. ఒక్క చోటి నుంచి నాలుగు చోట్లకు కరెంటు పంచడం ఆ ఊరికి కొత్త విద్యేమీ కాదు.

ఇవాళ్టి ప్రసంగం మాత్రం బోటు మీది దీపం గురించి కాదు, గిటారు గురించి. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే గిటారు వాయించేవాళ్ల కాళ్ల దగ్గర ఉండే ఒక పెట్టె గురించి, ఆ పెట్టెకు పక్కన పెట్టుకోవాలనిపించే ఒక చిన్న బెజ్జం గురించి.

గిలకలదిండిలో ఒక గిటారు కుర్రాడు ఉన్నాడనుకుందాం. నిజంగా ఉన్నాడా అని అడగొద్దు. ఆదివారం చర్చిలో వాయిస్తాడు, పెళ్లిళ్ల సీజన్లో బందరు ఆర్కెస్ట్రాతో వెళతాడు. అతని దగ్గర ఒక మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ ఉంది. కాలితో నొక్కితే ప్రతిధ్వని, మళ్లీ నొక్కితే అలలు, ఇంకోసారి నొక్కితే తీగ గీరుకుపోయిన శబ్దం. ఒక్క పెట్టెలో వంద స్వరూపాలు. అయినా మనసంతా ఇంకో చిన్న పెడల్ మీద ఉంటుంది. సబ్బుపెట్టె కంటే కాస్త పెద్దది, ఇనపడబ్బా, ఒకే ఒక పని చేస్తుంది: శబ్దాన్ని కొంచెం చింపుతుంది. ప్రాసెసర్లో అలాంటిది ఉంది కదా అంటే, ఉంది గానీ అది ఇది కాదంటాడు. ఈ విషయంలో గిటారిస్టులతో వాదించి గెలిచినవాళ్లు లేరు.

చిక్కు వేదిక మీద మొదలవుతుంది. పందిట్లో మైక్‌సెట్ వాళ్లు ఇచ్చేది ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు. దాన్లో కీబోర్డు, ప్యాడ్లు, పక్కనున్న పెద్దాయన ఫ్యాను. ప్రాసెసర్ అడాప్టర్ ఒక బెజ్జంలో దూరి, తన పొట్టతో పక్క బెజ్జాన్ని కూడా మూసేస్తుంది. ఇక పెడల్‌కు రెండో అడాప్టర్ ఎక్కడ పెట్టాలి? తొమ్మిది ఓల్టుల చదరపు బ్యాటరీ వేసుకోవచ్చు. సరిగ్గా పాట నడుమ అయిపోవడం దాని జన్మహక్కు. అప్పుడొస్తుంది ఆలోచన: ప్రాసెసర్‌కు ఎలాగూ కరెంటు వస్తోంది కదా, దాన్లోంచే ఒక పాయ బయటికి తీసి పెడల్‌కు ఇస్తే?

రెండు వైర్లు, ఒక జాకు, అరగంట పని. చెప్పడానికి ఇంతే. చేయడానికి కూడా దాదాపు ఇంతే, నాలుగు గోతులు తప్పించుకోగలిగితే.

గోతుల దగ్గరికి వెళ్లేముందు ఒకసారి గుడివాడ వెళ్లొద్దాం. తీగవాద్యమూ కరెంటూ కలిసి నడిచిన కథకు ఈ డెల్టాలో ఒక మంచి మజిలీ ఉంది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొమ్మిదేళ్ల పిల్లవాడు మాండలిన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అది అతని తొలి కచేరీ. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, తరవాత ప్రపంచమంతా మాండలిన్ శ్రీనివాస్ అని పిలిచిన మనిషి. తండ్రి సత్యనారాయణ గారి మాండలిన్‌ను ఆరేళ్లప్పుడే చేతుల్లోకి తీసుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు ఆ పాటను తీగల మీదికి దించుకునేవాడు.

మాండలిన్‌తో ఇబ్బంది ఏమిటంటే, మీటగానే మోగుతుంది, మోగగానే ఆరిపోతుంది. నాలుగు జతలుగా ఎనిమిది తీగలుంటాయి. జంట తీగలను లాగి గమకం పలికించడం కష్టం, పలికించినా అది పూర్తయ్యేలోపు నాదం చచ్చిపోతుంది. తోడి రాగంలో గాంధారం ఊగాలంటే ఊగేంతసేపైనా స్వరం బతకాలి కదా. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. జంటలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. తీగ కింద అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి తీగ చుట్టలు. తీగ ఊగితే ఆ చుట్టలో కొద్దిపాటి కరెంటు పుడుతుంది, ఆంప్లిఫయర్ దాన్ని పెంచుతుంది. నాదం నిలబడింది, గమకం నిలబడింది. 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో ఆ మాండలిన్ త్యాగరాజును వినిపించింది.

1995లో ఆయన మైకేల్ బ్రూక్ అనే కెనడా గిటారిస్టుతో కలిసి 'డ్రీమ్' అనే ఆల్బం చేశాడు. ఈ బ్రూక్ మన గిటారు కుర్రాడికి దూరపు చుట్టం అవుతాడు. ఎందుకంటే ఆయన కూడా చేత్తో సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నవాడే. తీగలో పుట్టిన కరెంటును పెంచి మళ్లీ తీగకే తోసి, స్వరం ఎప్పటికీ ఆగకుండా మోగేలా 'ఇన్ఫినిట్ గిటార్' తయారుచేశాడు. యూటూ బృందంలోని ఎడ్జ్ 1987 నాటి 'విత్ ఆర్ వితౌట్ యూ' పాటలో వాడినది అదే. అంత పేరున్న పాట వెనక కూడా, కొట్లో కొన్నది కాకుండా ఒక మనిషి బల్ల మీద తయారైన సర్క్యూట్ ఉందన్నమాట.

ఇక అసలు పెడల్ పుట్టుకే ఒక చెడిపోయిన యంత్రంలోంచి. 1960లో అమెరికాలోని నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట రికార్డు చేస్తుంటే మిక్సింగ్ బల్లలో ఒక చానల్ పాడై, గిటారు శబ్దం చింకి గుడ్డలా వచ్చింది. అందరూ విని, తీసేయకుండా ఉంచేశారు. ఆ ఇంజనీరు గ్లెన్ స్నాడీ అదే గీరును ట్రాన్సిస్టర్లతో తెప్పించే సర్క్యూట్ కట్టాడు. గిబ్సన్ కంపెనీ 1962లో దాన్ని మాయెస్ట్రో ఫజ్‌టోన్ పేరుతో అమ్మింది. 1965లో రోలింగ్ స్టోన్స్ 'సాటిస్‌ఫాక్షన్'తో లోకం దాన్ని విన్నది. ఆ తొలి పెట్టెకు కావలసింది ఒకటిన్నర ఓల్టుల సెల్లులు రెండంటే రెండు. తర్వాత్తర్వాత చదరపు తొమ్మిది ఓల్టుల బ్యాటరీ ఈ రంగానికి కొలబద్ద అయింది. జపాన్ కంపెనీ బాస్ 1977లో చిన్న పెడళ్లు తేవడం మొదలుపెట్టాక, వాటి అడాప్టర్ పద్ధతే క్రమంగా చాలామందికి పద్ధతి అయింది.

ఇప్పుడు లెక్క. కాగితం, పెన్సిల్ దగ్గరుంటే మంచిది. రేడియోలో బొమ్మ గీసి చూపించే వీలు లేదు.

మొదట అడాప్టర్ వెనక రాసినది చదవాలి. ఈ కాలపు చిన్న ప్రాసెసర్లు చాలావాటికి 9 ఓల్టుల డీసీ, 500 మిల్లీయాంపులు. ఉదాహరణకు జూమ్ కంపెనీ ఏడీ-16 అడాప్టర్ మీద ఇవే అంకెలుంటాయి. ఓల్టు అంటే కాలువలో నీటి ఎత్తు అనుకోండి, మిల్లీయాంపు అంటే ఎంత నీరు పారుతోందన్నది. ఎత్తు రెండు చోట్లా ఒకటే ఉండాలి. పారుదల మాత్రం ఎవరి పొలానికి ఎంత కావాలో అంతే తీసుకుంటుంది. 500 మిల్లీయాంపుల అడాప్టర్ పెడితే చిన్న పెడల్ కాలిపోతుందేమోనన్న భయం అనవసరం. అడాప్టర్ కరెంటును తోయదు, పెడలే లాక్కుంటుంది.

ఆ లాక్కోవడం ఎంత? శబ్దాన్ని చింపే మామూలు ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్ పెడళ్లు పది మిల్లీయాంపుల లోపే. డిజిటల్ డిలే, రివర్బ్ లాంటివి యాభై, వంద, కొన్ని మూడొందలు కూడా తాగుతాయి. ప్రాసెసర్ తన వంతుగా 350 తీసుకుంటోందనుకుందాం. 500లో మిగిలింది 150. ఓవర్‌డ్రైవ్ ఒకటి కాదు, నాలుగు పెట్టినా నడుస్తాయి. మూడొందలు తాగే డిజిటల్ డిలే పెడితే మాత్రం పాట మధ్యలో ప్రాసెసర్ కళ్లు మూసుకుని మళ్లీ తెరుస్తుంది, మొదటి నుంచి తన పేరు చదువుకుంటూ. కాబట్టి ఇంట్లో పెట్టే ఈ బెజ్జం చిన్న పెడళ్లకే అని ముందే గీత గీసుకోవాలి.

మొదటి గొయ్యి ఇక్కడే. గిటారు లోకంలో అడాప్టర్ పిన్ను మధ్యలో ఉండేది మైనస్, బయటి గొట్టం ప్లస్. ఇంట్లో ఉండే రౌటర్లు, సెట్‌టాప్ బాక్సులు ఎక్కువగా దీనికి తలకిందులు. కీబోర్డుల్లో కూడా రెండు కులాలున్నాయి. క్యాసియో పాత కీబోర్డుల ఏడీ-5 అడాప్టర్ 9 ఓల్టులు, నడుమ మైనస్. యమహా పీఏ-3 అడాప్టర్ 12 ఓల్టులు, నడుమ ప్లస్. రెండూ నల్లవే, రెంటి పిన్నూ చూడ్డానికి ఒకలాగే ఉంటుంది. ఆర్కెస్ట్రా సంచిలో అవి తారుమారైతే ఎవరి పెట్టెలోంచి పొగ వస్తుందో ఆ రాత్రికి ఎవరి జాతకం బాగోలేదో దాన్నిబట్టి ఉంటుంది.

నడుమ మైనస్ అనే వింత పద్ధతి ఎందుకొచ్చిందో తెలిస్తే గుర్తుండిపోతుంది. పాత పెడల్లో బ్యాటరీ ఉంటుంది. అడాప్టర్ పెట్టగానే బ్యాటరీ దానంతటది తెగిపోవాలి. ఆ తెంపే రేకు జాకులో బయటి గొట్టం తగిలే వైపు ఉంటుంది. తెగాల్సింది బ్యాటరీ ప్లస్. అందుకని బయట ప్లస్, లోపల మైనస్. మరి మైనస్ తీగ? అది గిటారు కేబుల్ పెట్టే జాకు గుండా వెళుతుంది. కేబుల్ దూర్చగానే పెడల్ వెలుగుతుంది, తీయగానే ఆరుతుంది, వేరే స్విచ్చి అక్కర్లేదు. వాయించాక కేబుల్ తీయకుండా వదిలేసినవాడి బ్యాటరీ ఊరికే చచ్చిపోవడానికి కారణం ఇదే.

రెండో గొయ్యి మొదటిదానికి తమ్ముడు. ప్రాసెసర్ పెట్టె లోహపుదైతే, ఆ లోహం సాధారణంగా మైనస్‌తో కలిసి ఉంటుంది. మన కుర్రాడు బందరులో లోహపు గొట్టం ఉన్న గట్టి జాకు కొని, పెట్టెకు బెజ్జం వేసి బిగించాడనుకుందాం. జాకు బయటి గొట్టం ప్లస్. అది పెట్టెకు తగులుతోంది. పెట్టె మైనస్. ఇంకేముంది, ప్లస్సూ మైనస్సూ కావలించుకున్నాయి. ఇది ఎంత సీనియర్ మెకానిక్‌నైనా ఒకసారి కూర్చోబెట్టే తప్పు. ప్లాస్టిక్ ఒళ్లున్న జాకే కొనాలి, అదీ 2.1 మిల్లీమీటర్ల పిన్ను ఉన్నది. 2.5 పిన్ను మీదికి పెడల్ వైరు దూరదు.

రిపేరు కొట్టు బల్ల దగ్గర సంభాషణ ఇలా నడవచ్చు.

"ఏరా, మీటరు పెట్టి చూశావా?"

"ప్లస్ ఎరుపే కదన్నా."

"ఎరుపు తీగకి ప్లస్ అని ఎవడు పేరు పెట్టాడ్రా? మీటరు పెట్టు. తీగ రంగు నమ్మకు, అంకె నమ్ము."

మూడో గొయ్యి లోతుగా ఉంటుంది. అన్ని ప్రాసెసర్లూ డీసీ తీసుకోవు. డిజిటెక్ ఆర్‌పీ వరసలో కొన్ని, లైన్ 6 పాత పాడ్ పెట్టెలు 9 ఓల్టుల ఏసీ అడాప్టర్‌తో వచ్చేవి. పిన్ను చూస్తే తేడా తెలియదు, అడాప్టర్ మీద ఏసీ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. వాటి నుంచి నేరుగా రెండు తీగలు లాగి పెడల్‌కు ఇస్తే పెడల్ పాడవుతుంది. అది అర్థమయ్యే విషయమే. చదువుకున్న కుర్రాడైతే నాలుగు డయోడ్ల బ్రిడ్జి పెట్టి ఏసీని డీసీ చేస్తానంటాడు. పుస్తకం ప్రకారం అది సరైన మాటే, ఇక్కడ మాత్రం అదే పొరపాటు. ప్రాసెసర్ లోపల ఆ ఏసీ తీగల్లో ఒకటి ముందే గ్రౌండుకు కట్టి ఉండొచ్చు. బ్రిడ్జి మైనస్ పెడల్‌కు వెళుతుంది. పెడల్ నుంచి గిటారు కేబుల్ పైనున్న అల్లిక తీగ మళ్లీ ప్రాసెసర్ గ్రౌండుకు వెళుతుంది. అంటే బ్రిడ్జిలో ఒక డయోడును దాటి దొడ్డిదారిన షార్టు. డయోడ్ వేడెక్కుతుంది, అడాప్టర్ మూలుగుతుంది, కారణం ఎక్కడుందో తెలియక మనిషి సగం రోజు పోగొట్టుకుంటాడు. ఏసీ ప్రాసెసర్ అయితే ఈ పని మానేసి, పెడల్‌కు వేరే అడాప్టర్ కొనుక్కోవడమే తెలివి. పెట్టెలోకి నేరుగా 230 ఓల్టులు వెళ్లే పాత ర్యాకు ప్రాసెసర్లయితే మూత కూడా తీయకూడదు. ప్లగ్ పీకేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లలో కరెంటు మిగిలి ఉంటుంది.

ప్రాసెసర్‌కు 12 ఓల్టుల డీసీ వస్తుంటే మాత్రం పని హాయి. 7809 అని ఒక మూడు కాళ్ల రెగ్యులేటర్ ఐసీ ఉంది. ఒక కాలు లోపలికి, ఒక కాలు గ్రౌండుకు, మూడోది బయటికి. ఎక్కువ ఓల్టులు పోస్తే సరిగ్గా 9 ఇస్తుంది. షరతు ఒక్కటే, బయటికి వచ్చేదానికంటే లోపలికి కనీసం రెండు ఓల్టులు ఎక్కువ కావాలి. అంటే పదకొండు. తొమ్మిది ఇచ్చి తొమ్మిది రమ్మంటే రాదు. మిగిలిన ఓల్టులను అది వేడిగా మారుస్తుంది. 12లో 9 పోగా 3, దాన్ని 100 మిల్లీయాంపులతో గుణిస్తే 0.3 వాట్లు, వేలు పెడితే గోరువెచ్చగా ఉంటుంది. లోపలి కాలు దగ్గర 0.33, బయటి కాలు దగ్గర 0.1 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు పెట్టడం మరవకూడదు. అవి లేకపోతే ఐసీ తనంతట తాను ఊగి, వినబడని కూత కూస్తుంది.

బోటు బ్యాటరీ గుర్తుందా? అది 12 ఓల్టులు, ఇంజన్ చార్జి చేస్తున్నప్పుడు పద్నాలుగు దాటుతుంది. 7809కి ఇంతకంటే మంచి భోజనం లేదు. 14.4లోంచి 9 పోతే 5.4, దాన్ని 300 మిల్లీయాంపులతో గుణిస్తే ఒకటిన్నర వాట్లకు పైనే, కాబట్టి ఐసీ వీపుకు ఒక అల్యూమినియం రేకు బిగించాలి. అంతే. నిజానికి గిటారుకు బ్యాటరీని మించిన శుభ్రమైన కరెంటు లేదు. దాన్లో హమ్ము పుట్టే చోటే లేదు. కరెంటు లేని పందిట్లో, గోలపెట్టే జనరేటర్ లేకుండా, ఒక బోటు బ్యాటరీ మీద గిటారు, పెడల్, ప్రాసెసర్ రాత్రంతా నడుస్తాయి. 100 ఆంపియర్ గంటల బ్యాటరీలో సగం వాడుకున్నా, అర ఆంపియర్ చొప్పున వంద గంటలు వస్తుంది.

ఇక నాలుగోది. అసలు గొయ్యి ఇదే. బెజ్జం సరిగ్గా పెట్టాడు, మీటరు తొమ్మిది చూపించింది, పెడల్ దీపం వెలిగింది. వాల్యూం పెంచాడు. గుయ్‌మంది.

ఆ గుయ్‌కి ఒక శ్రుతి ఉంటుంది. మన ఇళ్లలో కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అడాప్టర్లో డీసీగా మారేటప్పుడు మిగిలే అల సెకనుకు 100. గిటారు లావు తీగ మూడో మెట్టు మీద వేలు పెట్టి మీటితే వచ్చే స్వరం 98. కాబట్టి మన దేశపు హమ్ము గిటారు మూడో మెట్టుకు వెంట్రుకవాసి పైన పాడుతుంది. అమెరికాలో కరెంటు 60 సార్లు ఊగుతుంది కాబట్టి అక్కడి హమ్ము వేరే స్వరం. చెవి ఉన్నవాడు దీన్నిబట్టి జబ్బు పోల్చుకోవచ్చు. మంద్రంగా మూడో మెట్టు స్వరమైతే అది గోడలోంచి వచ్చింది. సన్నగా కీచుమంటూ, ప్రాసెసర్లో బటన్ నొక్కినప్పుడల్లా మారుతుంటే అది ప్రాసెసర్ కడుపులోని డిజిటల్ గడియారం కూత.

రెండూ పెడల్లోకి ఎలా వెళ్లాయి? ఇక్కడ కృష్ణా డెల్టా రైతుకు ఇంజనీరు చెప్పాల్సింది ఏమీ లేదు. బెజవాడ దగ్గర 1855లో ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా కాలువలు పారాయి. బందరు కాలువ పేరే ఆ ఊరిది. కానీ నీరు తేవడం సగం పనే. తెచ్చిన నీరు పోవాలి కదా. ప్రతి కాలువకూ ఒక డ్రెయిను ఉండాలి, డ్రెయిను సముద్రం దాకా పోవాలి. డ్రెయినులో గుర్రపుడెక్క పట్టినా, సముద్రపు మొగ పూడినా, పై పొలంవాడు వదిలిన నీరు కింది పొలంవాడి వరి మీద నిలబడుతుంది. తప్పు కాలువది కాదు, డ్రెయినుది.

కరెంటు కూడా వచ్చిన దారినే తిరిగి పోవాలి. తొమ్మిది ఓల్టులు ప్లస్ తీగలో వస్తాయి, పని చేసి మైనస్ తీగలో వెళ్లిపోతాయి. మైనస్ తీగే డ్రెయిను. ఇప్పుడు పెడల్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య డ్రెయిన్లు రెండయ్యాయి. ఒకటి మనం కొత్తగా లాగిన మైనస్ తీగ, రెండోది ఎప్పటినుంచో ఉన్న గిటారు కేబుల్ అల్లిక. ప్రాసెసర్ వాడి వదిలే బురద కరెంటు, దారి ఉంది కదా అని రెంట్లోనూ పారుతుంది. గిటారు కేబుల్ అల్లికలో పారినది నేరుగా పాటలో కలుస్తుంది. పైగా ఆ రెండు తీగలూ కలిసి ఒక గుండ్రని ఉచ్చులా అయి, దగ్గరున్న ట్రాన్స్‌ఫార్మర్ల హమ్మును కూడా పట్టుకుంటాయి. సౌండు వాళ్లు దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు.

దీనికి మందులు మూడు. కొత్త మైనస్ తీగను ప్రాసెసర్ లోపల దొరికినచోట కాకుండా, అడాప్టర్ జాకు మైనస్ కాలు దగ్గరే అతకాలి. డ్రెయినును పొలం మధ్యలో కాక తూము దగ్గరే కలిపినట్టు. రెండోది, రెండు తీగలూ పురి పెట్టి, వీలైనంత పొట్టిగా, గిటారు కేబుల్‌కు ఆనుకునేలా నడిపించాలి. అప్పుడు ఉచ్చు చిన్నదవుతుంది. మూడోది వడపోత. ప్లస్ తీగలో 10 ఓముల రెసిస్టర్, దాని తర్వాత ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్. ఆ జంట సెకనుకు 16కు పైనున్న అలలను కుదించడం మొదలుపెడుతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి హమ్ము ఆరో వంతుకు దిగుతుంది, కీచుకూత ఇంకా బాగా తగ్గుతుంది. 20 మిల్లీయాంపులు తాగే పెడల్‌కు దానివల్ల పోయేది 0.2 ఓల్టు. 8.8తో పెడల్‌కు ఏ బాధా లేదు. అదే వడపోత 300 మిల్లీయాంపుల డిలే ముందు పెడితే మూడు ఓల్టులు మింగేస్తుంది. శివారు భూమికి నీరు చేరనట్టు, ఆరు ఓల్టులే మిగిలిన డిలే కళ్లు తేలేస్తుంది.

నాలుగో మందు కూడా ఉంది గానీ అది ఇంట్లో వండేది కాదు. ఒక్కో పెడల్‌కు ట్రాన్స్‌ఫార్మర్లో వేరే చుట్ట, వేరే డ్రెయిను. వూడూ ల్యాబ్ వాళ్ల పెడల్ పవర్ 2 ప్లస్ ఇలాంటిదే, ఎనిమిది అవుట్‌పుట్లు, దేని దారి దానిది. దాని గొప్పంతా కాలువలో కాదు, ఆ ఎనిమిది వేరువేరు డ్రెయిన్లలో ఉంది. 1966లో వచ్చిన ఫజ్ ఫేస్ లాంటి జెర్మేనియం పెడళ్లలో ప్లస్సే గ్రౌండు. అలాంటివాటికి ఇంట్లో పెట్టిన ఉమ్మడి బెజ్జం ఇస్తే గిటారు కేబుల్ గుండా షార్టే. వాటికి విడి డ్రెయినుండే సప్లయి ఉండాలి, లేదా బ్యాటరీ.

నిజం చెప్పాలంటే, ఒక్క పెడల్ కోసమైతే ప్రాసెసర్ విప్పనే అక్కర్లేదు. అడాప్టర్ తీగకు వై ఆకారపు పాయ ఒకటి బయటే కట్టుకుంటే అదే పని అవుతుంది, వారంటీ మిగులుతుంది. విప్పి బెజ్జం పెట్టడంలో ఉన్న లాభమల్లా వేదిక మీద ఒక వేలాడే తీగ తగ్గడం, కాలు తగిలి ఊడకపోవడం. దానికి తోడు తన పెట్టెలో తను పెట్టిన బెజ్జం ఉందన్న ముచ్చట. ఆ ముచ్చటకు ఖరీదు కట్టడం కష్టం.

పనితనం విషయంలో బందరు వెనకబడిన ఊరు కాదు. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ పనివాళ్ల వేళ్లు గింజంత చోట అతుకు పెట్టగలవు. సైన్సు పరికరాలు చేసిన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ ఈ ఊరిదే, 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ దాన్ని తీసుకుంది. కాకపోతే సముద్రం పక్కన అతుక్కు ఇంకో శత్రువు ఉంది. ఉప్పుగాలి. రాగి తీగ కొస నాలుగు నెలల్లో పచ్చని చిలుము పడుతుంది, జాకు రేకు మీద పొర కడుతుంది, మీటరు తొమ్మిది చూపిస్తున్నా పెడల్ చిటపటమంటుంది. అతుకు వేడిగా, మెరిసేలా రావాలి. ఫ్లక్సు మిగులు తుడిచేయాలి. బయట కనబడే రాగి మీద ముడుచుకునే గొట్టం తొడగాలి. బోటు వైరింగుకు గిలకలదిండిలో పాటించే జాగ్రత్తలే ఇవి, కొత్తగా నేర్చుకోవలసింది లేదు.

మన కుర్రాడు అన్నీ చేశాడనుకుందాం. ప్లస్ తీగలో చిన్న ఫ్యూజు పెట్టాడు. పెడల్ ఎప్పుడైనా షార్టయితే ప్రాసెసర్ ప్రాణం పోకుండా. పెట్టె మూత వేయకముందే పెడల్ తగిలించలేదు. మొదట ఖాళీ బెజ్జంలో మీటరు పెట్టాడు, 9.1 వచ్చింది, మధ్యలో మైనస్. తర్వాత 470 ఓముల రెసిస్టర్ ఒకటి అడ్డం పెట్టి, 20 మిల్లీయాంపుల బరువు మోపి చూశాడు, 8.9. అప్పుడు అన్నీ ఆపి, పెడల్ తగిలించి, ఆంప్లిఫయర్ గొంతు సున్నాకు దించి, మళ్లీ వేశాడు. మెల్లగా పెంచాడు. మూడో మెట్టు స్వరం ఎక్కడో దూరంగా, దోమ పాటలా ఉంది. తీగ మీటగానే అది కూడా మునిగిపోయింది.

చివరికి తెల్ల టేపు ముక్క మీద పెన్నుతో రాసి కొత్త బెజ్జం పక్కన అంటించాడు: 9 ఓల్టులు, నడుమ మైనస్, 100 మిల్లీయాంపులు, డిలే పెట్టొద్దు. ఎందుకంటే రేపు పెళ్లికి ఆ పెట్టె తీసుకెళ్లేది తను కాదు, పెదనాన్న కొడుకు. వాడి సంచిలో రౌటర్ అడాప్టర్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది.